ఇంటిపేరు సర్వేపల్లి, ఒంటిపేరు మస్తానయ్య

నెల్లూరు పేర్లలో వింతలు చెప్పుకోవాలంటే జిల్లా పేరుతోనే మొదలుపెట్టాలి. 2008లో ఇది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. ఆయన ఇంటిపేరు పొట్టి, అది చేరాక జిల్లా పేరు మాత్రం పొడుగైంది. లెక్కపెట్టి చూడండి, పది అక్షరాలు. రాష్ట్రంలో అంతకు మించిన జిల్లా పేరు అప్పట్లో లేదు. ఆ ఘనత 2022లో చేజారింది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా వచ్చి, పొల్లులన్నీ తీసేసి లెక్కపెట్టినా ఒక అక్షరం తేడాతో నెల్లూరును దాటేసింది. అల్లూరి సీతారామరాజు జిల్లా తొమ్మిది దగ్గరే ఆగిపోయింది.

ఒకే మండలం, ఇద్దరు ఉపరాష్ట్రపతులు

ఊరిపేరు ఇంటిపేరు కావడం తెలుగునాట కొత్తేం కాదు. అందులో ఒక తిరకాసు మాత్రం ఉంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు. సర్వేపల్లిలో ఉన్నవాళ్లంతా సర్వేపల్లివాళ్లే, ఇక ఎవరినని ప్రత్యేకంగా అంటారు? మూటాముల్లె సర్దుకొని పొరుగూళ్లో కాపురం పెట్టాకే 'వాళ్లా, సర్వేపల్లివాళ్లు' అనే మాట పుడుతుంది. అలా ఆ పేరు మోసుకుపోయిన కుటుంబంలో 1888 సెప్టెంబర్ 5న తిరుత్తణిలో పుట్టిన పిల్లవాడు రాధాకృష్ణన్. మొదటి ఉపరాష్ట్రపతి, ఆ తర్వాత 1962 నుంచి 1967 దాకా రాష్ట్రపతి. వెంకటాచలం మండలంలోని ఒక పల్లె పేరు దేశంలోని ప్రతి బడిలోనూ ఏటా ఉపాధ్యాయ దినోత్సవం నాడు వినపడుతోంది. మన జిల్లా నుంచి ఇంటిపేరుగా ఇంత దూరం నడిచిన ఊరిపేరు ఇంకోటి ఉందనుకోను.

2017లో ఉపరాష్ట్రపతి అయిన ముప్పవరపు వెంకయ్యనాయుడుది చవటపాళెం. అదీ వెంకటాచలం మండలమే. ఒకరు పేరును బట్టి, ఒకరు పుట్టుకను బట్టి ఆ మండలానికి చెందుతారు. ముప్పవరం ముప్పవరపు అయినట్టే తిక్కవరం తిక్కవరపు అవుతుంది. హాస్యనటుడు రమణారెడ్డి ఇంటిపేరు తిక్కవరపే. చివర ఆ 'వరపు' ఉందంటే వెనకాల ఎక్కడో ఒక 'వరం' ఉందని గుర్తు.

అందరిలోకీ తికమక పెట్టే పేరు బెజవాడ గోపాలరెడ్డిది. 1955-56లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి. పేరు చూసి కృష్ణాజిల్లా మనిషి అనుకుంటారు గానీ, ఆయన పుట్టింది బుచ్చిరెడ్డిపాళెంలో.

వడ్ల పేర్లు

నెల్లు అంటే వడ్లు కాబట్టి నెల్లూరు అయిందని కొందరు, నెల్లి అంటే ఉసిరి కాబట్టి అయిందని కొందరు. ఉసిరిచెట్టు కింద శివలింగం దొరికిన కథ మూలస్థానేశ్వరుడి గుడిలో వినపడుతుంది. పెన్నా కాలవల కింద పొలాలు చూసినవాళ్లు వడ్ల వైపే మొగ్గుతారు, నాదీ ఆ పక్షమే. ఎందుకంటే ఇక్కడి పెద్దల ఇంటిపేర్లలోనూ వడ్లు రాలతాయి. మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా ఉండి భారతం రాసిన తిక్కన ఇంటిపేరు కొట్టరువు. కొఠారు అంటే ధాన్యం నిలవచేసే కొట్టు. ఆ కొట్టు అజమాయిషీ చేసే ఉద్యోగం నుంచే ఆ ఇంటిపేరు వచ్చిందని పండితుల మాట. ఇక సినిమాల్లో విలన్‌గా ప్రేక్షకుల్ని హడలెత్తించిన రాజనాల కాళేశ్వరరావుది కావలి. జనానికి ఆయన ఒంటిపేరు గుర్తుండదు, రాజనాల అంటే చాలు. రాజనాలు అంటే రాజులు తినే మేలురకం వడ్లు. అంత మెత్తటి అన్నం పేరు పెట్టుకొని తెర మీద అన్ని ఘోరాలు చేసినాయన ఇంకొకరు లేరు.

పెంచలయ్య, చెంగమ్మ, మస్తానయ్య

ఇంటిపేర్లు ఊళ్లవైతే ఒంటిపేర్లు దేవుళ్లవి. మనిషి ఏ ప్రాంతం వాడో ఒంటిపేరే ముందు పట్టిస్తుంది. పెంచలయ్య, పెంచలమ్మ, పెంచలరెడ్డి అన్నారంటే నెల్లూరు వైపో, ఆనుకొని ఉన్న కడప అంచు వైపో అయివుంటారు. రాపూరు దగ్గర కొండల్లో వెలసిన పెనుశిల నరసింహస్వామి జనం నోట్లో పెంచలస్వామి అయ్యాడు, ఆ కోన పెంచలకోన అయింది. చెంగమ్మ, చెంగయ్య ఎక్కువగా వినపడేది సూళ్లూరుపేట వైపు. శ్రీహరికోటలో రాకెట్ ఎగరేసే ముందు ఇస్రో పెద్దలు వచ్చి దండం పెట్టుకొనే చెంగాళమ్మ గుడి అక్కడిదే. జొన్నవాడ అమ్మవారి పేరున కామాక్షమ్మలు, పెన్న ఒడ్డున పడుకొని ఉన్న రంగనాథుడి పేరున రంగయ్యలు, రంగనాయకమ్మలు ఇంటింటా కనపడతారు.

అన్నిటికన్నా విశేషం మస్తాన్ పేరుది. వెంకటాచలం మండలంలోనే కసుమూరులో కాలేషా పీర్ మస్తాన్‌వలీ దర్గా ఉంది. మస్తాన్ ఫారసీ మాట, దేవుడి ధ్యానంలో ఒళ్లు మరచినవాడని అర్థం. బిడ్డలు లేరనో, పుట్టిన బిడ్డ నిలవడం లేదనో హిందువులు అక్కడ మొక్కుకుంటారు. బిడ్డ పుట్టి నిలిస్తే స్వామి పేరే పెడతారు. ఫారసీ మాటకు మన అయ్య, అమ్మ, రెడ్డి, రావు తగిలించి మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రెడ్డి, మస్తాన్‌రావు. పేరు విని మతం చెప్పాలనుకొనేవాడు నెల్లూరులో బోల్తా పడతాడు. తండ్రి పెంచలయ్య, తల్లి చెంగమ్మ, కొడుకు మస్తానయ్య ఒకే రేషన్ కార్డులో ఉంటే ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు.

వదులుకున్నవాళ్లు, అరువు తెచ్చుకున్నవాళ్లు

అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి పేరు చివర కులాన్ని కత్తిరించేసి సుందరయ్య అయ్యాడు. కులం చూసి ఓట్లు లెక్కించే జిల్లాలో ఇప్పటికీ దీనికి జోడీ దొరకడం కష్టం. కిళాంబి వెంకట నరసింహాచార్యులు ఇంకో దారి పట్టాడు. ఇంటిపేరునూ ఒంటిపేరునూ పక్కన పెట్టి, గోత్రాన్నే కలంపేరు చేసుకొని ఆచార్య ఆత్రేయగా మనసు పాటలు రాశాడు. వెంకటగిరి సంస్థానం వెలుగోటివారు మాత్రం ఉన్నదాన్ని గట్టిగా పట్టుకున్నారు. 17వ శతాబ్దం మొదట్లో విజయనగర వారసత్వ యుద్ధంలో కత్తి దూసిన యాచమనాయకుడి పేరు ఇప్పటికీ యాచేంద్రలుగా నడుస్తోంది.

తడ దాటితే లెక్క మారిపోతుంది. మన పేరు ముందుండే పొడి అక్షరం ఇంటిపేరుది, అవతల తమిళనాడులో అది తండ్రి పేరుది. సరిహద్దు ఊళ్లలో బడి రికార్డుకీ పాస్‌పోర్టుకీ పొత్తు కుదరక పడే అవస్థ ఇందులోంచే వస్తుంది. కొరియాలో అయితే అవస్థ వేరు. 2015 జనాభా లెక్కల ప్రకారం దక్షిణ కొరియాలో ప్రతి ఐదుగురిలో ఒకరి ఇంటిపేరు కిమ్. చైనాలో వాంగ్‌లు పది కోట్ల పైమాటే. ఊరికొక ఇంటిపేరున్న మనకు ఆ తంటా లేదు.

మనిషి పేరు ఊరైతే

నెల్లూరు నుంచి దక్షిణానికి కాస్త జరిగితే మనిషి పేరే ఊరైంది. దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు మద్రాసు కంటే ముందే, 1620ల్లో స్థావరం పెట్టారు. తమకు సాయపడిన ఆరుముగ ముదలి పేరుతో దాన్ని ఆర్మగాన్ అన్నారు. 1639లో అక్కడి నుంచి మద్రాసుకు మకాం మార్చేందుకు చోటిచ్చింది తెలుగు దామర్లవారు. వాళ్ల తండ్రి చెన్నప్ప పేరున వెలసిందే చెన్నపట్నం. ఒక తెలుగు తండ్రి ఒంటిపేరు ఇంత పెద్ద నగరమైన సందర్భం మరొకటి లేదు.

కోట్ల నెల్లూర్లు

ఇన్ని చెప్పుకున్నా, నెల్లూరు పేరును ఎక్కువగా మోస్తున్నది మనుషులు కాదు. బ్రెజిల్ పశువుల్లో సింహభాగం 'నెలోర్' జాతే, కోట్ల తలలు. గిన్నిస్ పుస్తకంలో ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా ఎక్కిన వయాటినా-19 కూడా నెలోరే, విలువ 40 లక్షల డాలర్ల పైనే. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ సాల్వడోర్ రేవులో ఆగినప్పుడు దిగిన జతతో ఈ కథ మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నిజానికి అవి మన ఒంగోలు పశువులే. ఒంగోలువాళ్లు పేరు తమది కాకుండా పోయిందని గొణిగితే తప్పు పట్టలేం గానీ, లెక్క మాత్రం నెల్లూరు వైపే ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే.