పచ్చి కట్టెకు తరుగు ఎంత?

అనంతపురం: వేరుశనగ కాయలు మండీకి వస్తే గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించి నెమ్ము ఎంతో చెప్పగల వ్యాపారి, కట్టెల ట్రాక్టరు కాటా ఎక్కినప్పుడు మాత్రం చీటీలో పడిన తూకాన్నే నమ్మి డబ్బు చెల్లిస్తాడు. కాయలో నాలుగు పాళ్ల నెమ్ము ఎక్కువైతే పేచీ పెట్టే చోట, కట్టెలో నలభై పాళ్ల నీటికి ధర కట్టడం వింతే. శీతకాలపు కొనుగోళ్లలో అడితిదారు లాభనష్టాలను తేల్చేది టన్ను ధర కంటె ఈ తరుగే.

ఈ ప్రాంతంలో కట్టెల రాక ఊపందుకొనేది డిసెంబరు నుంచి. వేరుశనగ పనులు ముగిసి కూలీలు, బండ్లు, ట్రాక్టర్లు ఖాళీ అవుతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే ఈ పీఠభూమిలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో చినుకు పడడం అరుదు. చెరువుల్లో నీరు తగ్గి బండి దిగడానికి దారి దొరుకుతుంది. ఇటుక బట్టీలు అంటుకొనే అదను కూడా ఇదే. మాఘ ఫాల్గుణాల పెళ్లి వంటలు, హోటళ్లు, బేకరీలు, హిందూపురం వైపు పట్టుగూళ్లు ఉడికించే రీలింగ్ కేంద్రాలు మిగతా గిరాకీ. ఇళ్ల గిరాకీ మాత్రం పోయినట్టే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024లో ఏడాదికి 3 ఉచిత సిలిండర్ల దీపం-2 వచ్చాక పట్నపు గృహిణి అడితి వైపు చూడడం మానింది. నేటి కొనుగోలుదారు బట్టీ యజమాని. అతను మోపు అడగడు, లారీ అడుగుతాడు. అదీ మండే కట్టె కావాలంటాడు.

వచ్చే సరుకులో ఎక్కువ పాలు సర్కారు తుమ్మ, పల్లె మాటలో కంపచెట్టు. ఇది ఇక్కడి చెట్టు కాదు. అమెరికా ఖండపు జాతి. మద్రాసు అటవీశాఖ విత్తనాలు తెప్పించి 1877లో పొరుగున ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటించింది. అప్పటికి వంటచెరకు కొరత కొత్త మాట కాదు. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా 1871లో రాయచూరు చేరిన మద్రాసు రైలు మార్గంలో ఇంజన్లు కట్టెలనే మింగేవి. పైగా 1876-78 మహాకరవు. ఆ కరవు నాడు దిగిన మొక్క ఈనాడు చెరువుల్లో, బీళ్లలో ఎవరూ నాటకుండానే కమ్ముకుంది. రైతుకు తంటా, అడితికి సరుకు.

తూకంలో నీరు

కొట్టిన కొత్తలో కట్టెలోని నీటి పాలు చెట్టును బట్టి, అదనును బట్టి మారుతుంది. లెక్కకు నూటికి 40 అనుకుంటే, టన్ను పచ్చి సరుకులో కట్టె 600 కిలోలు, నీరు 400 కిలోలు. గాలికి బాగా ఆరిన కట్టెలో కూడా ఇంచుమించు 20 పాళ్ల నీరు మిగులుతుంది. అంటే ఆ 600 కిలోల కట్టెకు 150 కిలోల నీరు చేరి తూకం 750 కిలోలు. తరుగు 250 కిలోలు. నలభైలోంచి ఇరవై తీసి, పోయేది అయిదో వంతే కదా అని లెక్క వేసే గుమాస్తాలు ఉన్నారు. పోయేది నాలుగో వంతు.

ఉదాహరణకు పచ్చిది టన్ను 3,000 రూపాయలకు కొంటే ఎండు కట్టె టన్ను అసలు 4,000 పడుతుంది. కిరాయి, హమాలీ, స్థలం అద్దె పైమాట. దాన్ని 3,600కు అమ్మి 600 మిగిలిందని సంతోషించే వ్యాపారి నిజానికి 400 పోగొట్టుకున్నాడు.

బట్టీవాడి లెక్క కూడా చూడాలి. నీటిని ఆవిరి చేయడానికే కొంత మంట ఖర్చవుతుంది కనుక, పై లెక్కలోని పచ్చి కట్టె కిలోకు ఎండు కట్టె కిలో కంటె సుమారు 30 శాతం తక్కువ వేడి వస్తుంది. బొగ్గు కాల్చేవారికి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. మామూలు మట్టి బట్టీలో నాలుగైదు టన్నుల ఎండు కట్టెకు టన్ను బొగ్గు దిగుతుంది. పచ్చిది పేరిస్తే దాన్ని ఆరబెట్టడానికి లోపలి కట్టెలోనే కొంత భాగం కాలిపోతుంది.

మరి తరుగు ఎవరి ఖాతాలో వేయాలి? ట్రాలీ లెక్కన గుత్తకు కొంటే నీటి బాధ లేదు కాని, వంకర కొమ్మల మధ్య సగం గాలి. కాటా వేసి కొంటే గాలి బాధ లేదు, నీరు మిగులుతుంది. కొందరు చూపుమీద పదికి ఒకటో రెండో తరుగు కోస్తారు. ఇది వ్యాపారానికి మంచిది కాదు. నెల రోజులు గట్టున ఆరబెట్టి తెచ్చిన రైతుకూ, నిన్న కొట్టి నేడు తెచ్చినవాడికీ ఒకే కోత పడితే, మరుసటి ట్రిప్పుకు మొదటివాడు కూడా పచ్చిదే తెస్తాడు. పచ్చిదానికి, ఎండుదానికి రెండు ధరలు ముందే చెప్పి కొనడం మేలు. తేమ చూపే చిన్న మీటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయితే పైబెరడుమీద ముల్లు గుచ్చితే వచ్చే అంకె మోసం చేస్తుంది. కట్టెను చీల్చి లోపలి ముఖంమీద చూడాలి. మీటరు లేనివారు దొంతరలో వేర్వేరు చోట్ల పది కట్టెలకు రంగుతో నంబర్లు వేసి, పదిహేను రోజులకొకసారి తూచాలి. వరుసగా రెండు సార్లు తూకం తగ్గకపోతే సరుకు ఆరినట్టు.

దొంతర పేర్చడం

తెల్లవారుజామున మంచు పట్టిన లోడును కాటా వేయించరాదు. ఎండెక్కిన తర్వాత వేయించాలి. లావు మొద్దులను పచ్చిగా ఉండగానే చీల్చాలి. తుమ్మ ఎండితే గొడ్డలి దిగదు, కూలి రెట్టింపు అడుగుతారు. ముళ్ల కొమ్మలు పొలంలోనే కొట్టి వేయిస్తే హమాలీలు పేచీ పెట్టరు.

అడితిలో నేలమీదనే పేర్చడం పెద్ద తప్పు. కింద బండలో పాత దూలాలో పరచి, వాటిపై దొంతర వేస్తే చెదలు త్వరగా ఎక్కవు, అడుగున గాలి ఆడుతుంది. రెండు చివరలా అడ్డం నిలువుగా కట్టెలు మార్చి పేరిస్తే దొంతర ఒరగదు. నిలువెత్తు మించనివ్వరాదు. వరుసకూ వరుసకూ మధ్య మనిషి నడిచే సందు ఉండాలి. నిప్పు అంటుకుంటే ఆ సందే అడితిని కాపాడుతుంది. టార్పాలిన్ పైన మాత్రమే కప్పాలి. నాలుగు పక్కలా మూసి, కట్టె బూజు పట్టిందని మొత్తుకొనేవారు ఏటా ఉంటారు. ప్రతి దొంతరకూ తేదీ రాసి పెట్టి, ముందు వచ్చినది ముందు పంపాలి. పాత సరుకులో పిండిపురుగు పడితే చేవ తప్ప మిగతాదంతా పొడి అవుతుంది.

చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం, రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల నిబంధనలు ఉన్నాయి. ఏ జాతికి పర్మిట్ కావాలో లారీ మాట్లాడుకొనే ముందే అటవీ కార్యాలయంలో కనుక్కోవాలి.

డిసెంబరులో చీల్చి పేర్చిన సన్న కట్టె మార్చి నాటికి ఆరుతుంది. ఈ మూడు నెలలకు నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ వేసుకుంటే, పైన చెప్పిన 4,000 రూపాయల టన్ను 4,240 అవుతుంది. మార్చిలో ఆ ధర పలికే ఆశ లేకపోతే పచ్చిదాన్ని పచ్చిదని చెప్పే డిసెంబరులో తెగనమ్మాలి. జూనులో వానలు దిగి ఇటుక బట్టీలు ఆగితే, మిగిలిన నిల్వకు హోటళ్లవారు అడిగిందే ధర.