జెన్షిన్‌లో మంత్రాల జోడీ: డబ్బు పెట్టే ముందు వరస మార్చి చూడండి

అవనిగడ్డలో ఉండే మా బాబాయి కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఒక మూడు వేలు కొట్టవా? ఫైవ్ స్టార్ క్యారెక్టర్ లేకపోతే ఈ బాస్ చచ్చేట్టు లేడు" అన్నాడు. గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. సెమిస్టర్ ఫీజుకని ఇచ్చిన డబ్బులో అప్పటికే కొంత విష్‌లకు పోసేశాడు.

తర్వాతి ఆదివారం గుడివాడలో పెళ్లికి కలిసినప్పుడు వాడి ఫోన్ తీసుకుని చూశాను. టీమ్‌లో షియాంగ్‌లింగ్, షింగ్‌చ్యూ, బెన్నెట్, కేయా. నలుగురూ ఫోర్ స్టార్లే. అయినా బంగారంలాంటి టీమ్! వాడి వరసే తప్పు.

2020 సెప్టెంబర్ 28న వచ్చిన జెన్షిన్ ఇంపాక్ట్‌లో ఫైట్ అంతా రియాక్షన్ల మీద నడుస్తుంది. మన పౌరాణిక సినిమాల్లో ఆగ్నేయాస్త్రానికి ఎదురు వారుణాస్త్రం వేస్తే రెండూ ఆరిపోయి కథ ముగుస్తుంది. (ఎన్టీఆర్ ఊరు నిమ్మకూరు ఆ పక్కనే కదా, ఆ పోలిక లేకుండా మాకు మాట రాదు.) ఇక్కడ అలా కాదు. నిప్పంటుకున్న శత్రువు మీద నీళ్లు కొడితే ఆ దెబ్బ 2 రెట్లవుతుంది. తడిసినవాడి మీద నిప్పు కొడితే 1.5 రెట్లు. దీన్నే వేపరైజ్ అంటారు. మంచుతో ఇది తిరగబడుతుంది: మంచు మీద నిప్పు 2 రెట్లు, నిప్పు మీద మంచు 1.5. ఏది ముందు, ఏది వెనక అన్నదే లెక్క.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో మాత్రం మన పురాణాల రూలే. తడిసినవాడికి నిప్పు సరిగా అంటదు, కానీ పిడుగు, మంచు రెట్టింపు తగులుతాయి.

మావాడు ఏం చేస్తున్నాడంటే, ముందు షియాంగ్‌లింగ్ సుడిమంట తిప్పి, ఆ తర్వాత తీరిగ్గా బెన్నెట్‌ని దింపుతున్నాడు. అప్పటికే ఆలస్యం. సుడి మొదలైన క్షణంలో ఎంత బలం ఉంటే చివరిదాకా అదే ఉంటుంది. కాబట్టి ముందు షింగ్‌చ్యూ బర్స్ట్, తర్వాత బెన్నెట్ బర్స్ట్, ఆ వలయంలో నిలబడి షియాంగ్‌లింగ్ బర్స్ట్. ఆపైన ఊరికే కొడుతూ ఉంటే చాలు, షింగ్‌చ్యూ కత్తులు శత్రువుని తడుపుతుంటాయి, సుడి కాలుస్తుంటుంది. మధ్యలో కేయా మంచు దూర్చారో, నీళ్లతో కలిసి ఫ్రీజ్ అవుతుంది, నిప్పుకి తడి మిగలదు. కేయా బదులు పిడుగు క్యారెక్టర్‌ని పెడితే ఇంకో తంటా. ఓవర్‌లోడ్ పేలి చిన్న శత్రువులు సుడికి అందనంత దూరం ఎగిరిపడతారు.

ఇంకో విషయం. కొట్టిన ప్రతి దెబ్బా ఎలిమెంట్ అంటించదు. చాలా దాడులకు 2.5 సెకన్లు లేదా మూడు దెబ్బల గ్యాప్ ఉంటుంది. బటన్ అరిగేలా నొక్కినా లాభం లేదు.

ఫోన్ సంగతికొస్తే, బందరు ఉక్కపోతలో అరగంట ఆడితే మిడ్‌రేంజ్ ఫోన్ ఏదైనా కాలిపోతుంది, ఫ్రేమ్స్ పడిపోతాయి, స్విచ్ నొక్కింది ఒకప్పుడు, పడేది ఇంకొకప్పుడు. గ్రాఫిక్స్ లో పెట్టి, బ్యాక్ కేస్ తీసేయండి. ఛార్జింగ్ పెట్టి ఆడకండి. 60 ఎఫ్‌పీఎస్ తడబడుతూ ఆడేకంటే నిలకడగా 30 నయం, నన్నడిగితే.

పెళ్లి భోజనాలయ్యేలోపు మూడో ప్రయత్నంలో బాస్ పడిపోయాడు. ఫీజులో తగ్గిన డబ్బు గురించి బాబాయికి ఎవరు చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.