విడిపోని రాశి

ఖమ్మం నుండి భద్రాచలం వైపు వెళ్ళేవారికి కొత్తగూడెం దాటిన పిదప అడవి ఎదురవుతుంది. ఎండాకాలంలో ఆ అడవి అంచు గ్రామాల ప్రజలు తునికాకు కోసి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి తెస్తారు. అక్కడ కట్టలను నేలపై వరుసలుగా పేర్చి ఆరబెడతారు. వరుసలు సమానంగా ఉంటే లెక్క సులభం. 48 కట్టలను ఆరు వరుసలుగానో ఎనిమిది వరుసలుగానో పేర్చవచ్చు. 47 కట్టలైతే ఏ విధంగానూ కుదరదు. ఒక్కటే పొడవైన వరుసగా పేర్చవలసిందే. ఈ విధంగా సమాన వరుసలకు లొంగని సంఖ్యనే ప్రధాన సంఖ్య అంటారు. చిన్న సంఖ్యలలో దీనిని తేల్చడం సులువు. సంఖ్య పెరిగితే పండితులకు సైతం పరీక్షే.

పెద్ద సంఖ్యలంటే తెలుగువారికి మొదట పావులూరి మల్లన గుర్తుకు వస్తాడు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెనిగించిన కవి ఆయన. చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లా రెట్టిస్తూ పోతే 64 గడులలో చేరే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. మల్లన పేర ప్రసిద్ధమైన ఒక పద్యం ఈ ఇరవై అంకెలను ఇరవై సంకేత పదాలలో ఇముడ్చుకొన్నది. చంద్రుడంటే ఒకటి, వేదాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది, ఆకాశం సున్న. పదాల వరుస ఒకట్ల స్థానం నుండి మొదలవుతుంది. తొలి పదం 'శర'. మన్మథుని బాణాలు ఐదు గదా! అంటే ఆ మహాసంఖ్య ఐదుతో భాగింపబడుతుందని, అది ప్రధాన సంఖ్య కాదని పద్యం మొదటి మాటలోనే తేలిపోతున్నది.

ఇందుకు కారణం గడుల సంఖ్యలోనే ఉన్నది. 64 గడులను రెండేసి చొప్పున జతలు చేయవచ్చు. మొదటి జతలో మూడు గింజలు. రెండవ జతలో దానికి నాలుగింతలు, మూడవ జతలో పదహారింతలు. కనుక మొత్తం మూడుతోనూ భాగింపబడుతుంది. గడులు సమాన వరుసలుగా విడిపోతే గింజల రాశి కూడా విడిపోక తప్పదు.

గడుల సంఖ్య ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన రాశి కూడా ప్రధాన సంఖ్య అవుతుందా? కాదు. 11 గడుల మొత్తం 2047. అది 23, 89ల లబ్ధం. 64 లోపు ప్రధాన సంఖ్యలు 18 ఉండగా, వాటిలో సరిగ్గా సగమే విడిపోని రాశులనిస్తాయి: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. 31 గడుల మొత్తమైన 214,74,83,647 ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలర్ నిరూపించాడు. 61 గడుల మొత్తం 23,05,84,30,09,21,36,93,951. దానిని 1883లో తేల్చినవాడు పెర్వూషిన్ అనే రష్యన్ మతాచార్యుడు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో ఒక్క అంకె తప్పినా శ్రమ అంతా వ్యర్థమే.

ఇట్టి సంఖ్యలకు ఫ్రెంచి పండితుని పేరిట మెర్సెన్ ప్రధాన సంఖ్యలని పేరు. కారణాంకాలను వెదకకుండానే వీటిని పరీక్షించే పద్ధతికి 19వ శతాబ్దిలో లూకాస్ బాట వేశాడు. ఆ బాటలోనే కంప్యూటర్లు ముందుకు సాగాయి. 2024 అక్టోబరులో అమెరికాకు చెందిన ల్యూక్ డ్యురాంట్ గుర్తించిన సంఖ్య, అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యలలోకెల్లా పెద్దది. దానికి బల్లపై 13,62,79,841 గడులు కావాలి. అందులోని అంకెలు 4,10,24,320. ఒకట్ల స్థానంలో ఉన్నది 1. మల్లన పద్ధతిలో పద్యం కట్టబూనితే నాలుగు కోట్లకు పైగా సంకేత పదాలు అవసరం. తొలి పదం మాత్రం చంద్రుడే.