బడి లెక్క మనకూ తెలియాలె

గంగారం మండలం మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అడవి ఊళ్లు. కోయవాళ్లు ఎక్కువ. ఇలాంటి చోట బడి చిన్నది. సార్లు ఒకరో ఇద్దరో. బోరింగు చెడిపోతే ఏం చేయాలి? పై ఆఫీసు నుంచి ఎవరో వచ్చి చూసేదాకా ఆగాలా?

ఆగే పని లేదు. ప్రతి సర్కారు బడికి కమిటీ ఉండాలి. అది చట్టం. 1998లోనే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో విద్యా కమిటీల చట్టం వచ్చింది. తర్వాత దేశమంతటికీ విద్యా హక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని ప్రకారం కమిటీలో నలుగురికి ముగ్గురు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎట్లా నడుస్తోందో చూడడం, వచ్చిన పైసలు దేనికి ఖర్చయ్యాయో చూడడం, బడికి ఏం కావాలో ప్లాను రాయడం వీళ్ల పని.

2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే దీనికీ అధ్యక్షురాలు. హెడ్మాస్టరు కన్వీనరు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు ఈ కమిటీ చేతికి వచ్చాయి. సంఘంలో పొదుపు లెక్కలు చూసే మనకు ఈ లెక్క కష్టమా?

కానీ అక్కా, "ఇక్కడ పెట్టమ్మా" అంటే పెట్టేసి రావడం మనకు పాత అలవాటు. వేలిముద్రల నాటిది. ఇప్పుడు చదవడం వచ్చింది కదా. చదివాకే సంతకం.

హాజరు పట్టీ ఒక్కటి చూడండి. మిరపకాయలు ఏరే రోజుల్లో పిల్లలు ఎందుకు తగ్గుతరు? మనం కూలికి పోతాం. చంటిదాన్ని చూడమని పెద్దపిల్లను ఇంట్లో ఉంచుతాం. అది సారుకు తెలియదు. మీటింగులో మనమే చెప్పాలి. మూడేళ్లు నిండినవాళ్లను అంగన్వాడీలో దింపవచ్చు. ఇంకా చిన్నవాళ్లను వంతులేసుకొని చూసుకోవచ్చు. వచ్చే నెల మళ్లా పట్టీ తీయాలి. పిల్లలు పెరిగారా? పెరగకపోతే ఇంకో ఉపాయం వెతకాలి. బడి కూడా ఇట్లనే నేర్చుకుంటది.

ఇంకో మాట. ఒకటో తరగతి కోయపిల్ల నోరు విప్పదు. మొద్దు అంటారు. మొద్దు కాదు, ఇంట్లో మాట వేరు, బడిలో మాట వేరు. 2004లో సర్కారు కోయతో కలిపి 8 గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది ఇందుకే. రెండు మాటలూ వచ్చిన తల్లి రోజూ కాసేపు బడిలో కూర్చుంటే సారుకూ పిల్లకూ ఆసరా.

మీ బడి కమిటీలో ఎవరున్నారు? సారును అడిగి పేర్లు రాయండి. పోయిన మీటింగు ఏ తేదీన జరిగింది? తీర్మానాల బుక్కు తెరిచి చదవండి.