వాగు దిగే ముందు కొండ వైపు చూడండి

వెంకటాపురం (మా విలేఖరి): వానాకాలం మొదలైతే చాలు, ఆదివారం పొద్దున భద్రాచలం నుంచి చర్ల మీదుగా వచ్చే రోడ్డు మీద మోటారు సైకిళ్ల వరుస కనిపిస్తుంది. ముల్లకట్ట, పూసూరుల మధ్య గోదావరిపై వంతెన కట్టాక హనుమకొండ, వరంగల్లు వైపు జనం కూడా రావటం ఎక్కువైంది. కొందరు వాజేడు మండలంలోని బొగత దగ్గర ఆగిపోతారు. మిగతా వాళ్లు వీరభద్రవరం దాకా వచ్చి, బళ్లు ఊళ్లో పెట్టి, అడవి దారి పడతారు. వాళ్లు పోయేది ముత్యంధార జలపాతానికి. గద్దెలసరి అని కూడా అంటారు. నిలువు కొండ మీది నుంచి నీళ్లు తెల్లగా జారతాయి. ఎత్తు ఏడువందల అడుగుల పైమాటే అని చెప్పుకుంటారు.

చూడదగ్గ చోటే, కాదనటం లేదు. చిక్కంతా దారిలోని వాగుతో. ఎండాకాలం పోతే జలపాతంలో నీళ్లుండవు, కనుక ఎవరూ పోరు. నీళ్లు నిండుగా దూకే రోజున పోదామంటే, అదే రోజున వాగు కూడా నిండుతుంది.

2023 జూలై 26, బుధవారం నాడు జరిగింది ఇదే. సుమారు 80 మంది ముత్యంధార చూడబోయారు. అప్పటికి అక్కడికి పోవటానికి అటవీశాఖ అనుమతి లేదు. పోయేటప్పుడు నడిచి దాటిన వాగు, తిరిగి వచ్చేటప్పటికి ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. చీకటి పడుతోంది, వాన ఆగటం లేదు. ఎలాగో ఫోను కలిసి పోలీసులకు సంగతి తెలిసింది. వాగు దాటే ప్రయత్నం చేయవద్దని, ఎత్తయిన చోట ఆగి ఉండమని అధికారులు చెప్పారు. వాళ్లు ఆ మాట విన్నారు. రాత్రికి జాతీయ విపత్తు దళం వారు అడవిలోకి చేరి, తెల్లవారే లోగా అందరినీ ఇవతలకు తెచ్చారు. ప్రాణనష్టం లేదు. "ఎంత, మోకాటి లోతేగా" అని పదిమంది దిగి ఉంటే ఆ రాత్రి ఎలా ముగిసేదో ఊహించుకోవచ్చు. మర్నాడే ఏటూరునాగారం మండలం కొండాయి ఊరి మీద జంపన్నవాగు పడింది. ప్రాణాలు పోయాయి. అక్కడివాళ్లు యాత్రికులు కారు, వాగు పక్కనే పుట్టి పెరిగినవాళ్లు.

27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. (అది వెంకటాపూర్ మండలం. మన వెంకటాపురం వేరు. రెండూ ములుగు జిల్లాలోనే ఉండటంతో పేర్లు తరచు తారుమారవుతున్నాయి.) దానికి ముందున్న రికార్డు కూడా ఈ ప్రాంతానిదే. 2013 జూలై 19న వాజేడులో 517.5 మిల్లీమీటర్లు కురిసింది. 1959 దాకా తూర్పుగోదావరి, 2016 దాకా ఖమ్మం, 2019 నుంచి ములుగు అని మన జిల్లా పేరు మారుతూ వచ్చింది గాని, ఈ కొండల మీద పడే వాన తీరు మారలేదు.

పట్నం నుంచి వచ్చేవారికి తెలియనిది ఒకటుంది. తల మీద వాన లేకపోయినా వాగు పొంగుతుంది. పైన ఛత్తీస్‌గఢ్ హద్దు కొండల మీద కురిసిన నీరు బండల మీది నుంచి జారి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. చదును నేలలో మాదిరి ఇంకటానికి చోటుండదు. అందుకే ఇక్కడి పెద్దలు వాగు దిగే ముందు నీళ్లనొక్కటే కాదు, కొండ వైపు కూడా చూస్తారు. శిఖరం మబ్బులో మునిగితే దిగరు. తేట నీరు ఎర్రబారినా, ఎండుటాకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకు వస్తున్నా, పైనుంచి రాళ్లు దొర్లే చప్పుడు వినిపించినా ఒడ్డుకు ఎక్కేస్తారు. అటుపైన ఉన్న గడువు నిమిషాలే. ఈ విలేఖరి కూడా ఒకసారి ఇలాంటి కొండవాగు ఒడ్డున రెండు గంటలు తడుస్తూ కూర్చున్నాడు. ఆకలి వేసింది, అంతకు మించి నష్టం లేదు.

బొగత సంగతి వేరు. అక్కడ టిక్కెట్టు ఉంది, కంచె ఉంది, వరద ఎక్కువైతే అటవీశాఖ వారు సందర్శన ఆపేస్తారు. అలా ఆపిన రోజున తిరిగి వెళ్లకుండా, పక్కదారిన అడవిలోకి దూరి మరో జలపాతం వెతికేవారితోనే ప్రమాదం.

కాలిబాట వదిలి పోకూడదనటానికి ఇంకో కారణం కూడా ఉంది. 2024 జూన్‌లో వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెల కోసం పోయిన మనిషి మందుపాతర పేలి చనిపోయాడు. ఫోటో బాగా వస్తుందని పొదల్లోకి దూరేవారు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. ముందుగా వెంకటాపురంలో అటవీశాఖ వారిని అడిగి, వారు సరేనంటే ఊరి మనిషిని వెంటబెట్టుకుని పోవటమే పద్ధతి. పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా వాగుకు ఇవతల ఉండాలి.

సీసాల గోల గురించి రెండు మాటలు. తాగి బండకేసి కొట్టిన సీసా ముక్క వాగులో పడితే, మర్నాడు అది పశువులు కాసే పిల్లవాడి కాలికే గుచ్చుకుంటుంది. ఉప్పు రుచికి పశువులు చిరుతిండి సంచులు నమిలి మింగుతాయి. మోసుకొచ్చిన సంచీని ఖాళీ అయ్యాక తిరిగి మోసుకుపోవటం బరువైన పని కాదు. పొయ్యి వెలిగించటం మరీ తప్పు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయటం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. పొగ తగిలితే కొండ చరియకు వేలాడే పెద్ద తేనెపట్లు లేస్తాయి. అప్పుడు పరుగెత్తటానికి చోటుండదు. నిజం చెప్పాలంటే ఈ విషయంలో మనమూ పూర్తిగా నిర్దోషులం కాము. ఇప్పపువ్వు ఏరుకునే రోజుల్లో చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టి ఇంటికి వచ్చేసేవారు మనలోనే ఉన్నారు.

బండి నిలిపినందుకు, దారి చూపినందుకు ఊళ్లో కుర్రాళ్లకు నాలుగు డబ్బులు వస్తే మంచిదే. అయితే మబ్బు పట్టిన రోజున "ఇవాళ పోవద్దు బాబూ" అని చెప్పాల్సింది కూడా వాళ్లే. వాగు రేవులో ఒక బండ మీద, మోకాటి లోతు నీరు వచ్చే చోట ఎర్రరంగు గీత గీయించి, గీత మునిగితే దిగరాదని తెలుగులో రాయించాలి. ఒక డబ్బా రంగు చాలు. అటవీశాఖ వారు చేసినా సరే, పంచాయతీ వారు చేసినా సరే, జూన్ వానలు పడేలోగా అది కావాలి.