వేడి తీయడమే అసలు పని: జీవ ఇంధన రియాక్టర్లపై అపోహలు – వాస్తవాలు

2018 ఆగస్టు 27న డెహ్రాడూన్‌లో బయల్దేరిన ఒక స్పైస్‌జెట్ విమానం ఢిల్లీలో దిగింది. అందులో పోసిన ఇంధనంలో కొంత భాగం జట్రోఫా, అంటే అడవి ఆముదం గింజల నూనెతో తయారైంది. ఆ విద్య డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం వాళ్లది. ఆ తర్వాత బజ్జీలు వేయించిన నూనెతో విమానాలు నడుస్తాయన్న మాట టీకొట్టు దాకా వచ్చింది. కానీ ఆ నూనె ఇంధనంగా ఎలా మారుతుందని అడిగితే చాలామంది ఊహలో ఒకటే బొమ్మ: పెద్ద బాణలి, కింద పెద్ద మంట. అపోహల్లో ముప్పాతిక వంతు ఆ బాణలిలోంచి పుట్టినవే.

అపోహ: వంటనూనే కదా, పెట్రోలియంలా పేచీ పెట్టదు.

బాణలిలో ఉన్నంతసేపూ పెట్టదు. అదే నూనెను హైడ్రోజన్‌తో కలిపి, 300 నుంచి 400 డిగ్రీల వేడిలో, 50 బార్లు దాటిన పీడనంలో ఉత్ప్రేరకం మీదుగా పంపితే దాని అసలు గుణం బయటపడుతుంది. నూనె బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజన్. రిఫైనరీలు మామూలు డీజిల్‌లోంచి తీసేసే గంధకం ఒకటి రెండు శాతానికి మించడం అరుదు. నూనెలోని ఆక్సిజనేమో మొత్తం నీరుగానో, కార్బన్ డయాక్సైడ్‌గానో విడిపోవాలి. దానికి తోడు అణువుల్లోని జంట బంధాలన్నీ హైడ్రోజన్‌తో నిండాలి. ఇదంతా జరిగేటప్పుడు వేడి ఉవ్వెత్తున పుడుతుంది.

అందుకే నిన్నటిదాకా పెట్రోలియం డీజిల్‌ను శుద్ధి చేసిన రియాక్టర్‌లో ఇవాళ పామాయిల్ పోస్తామంటే కుదరదు. తయారైన ఇంధనంలోనే కొంత వెనక్కి తెచ్చి, కొత్త నూనెలో కలిపి పలచన చేస్తారు. ఉత్ప్రేరకాన్ని ఒకే కుప్పగా పోయకుండా అంతస్తులుగా పేర్చి, నడుమ నడుమ చల్లటి హైడ్రోజన్ వదులుతారు. ప్లాంటు భాషలో దాని పేరు క్వెంచ్. పప్పు పొంగుతున్నప్పుడు చెంబెడు చన్నీళ్లు పోసే ఉపాయమే, కాకపోతే నీళ్ల బదులు హైడ్రోజన్.

అపోహ: మంట పెంచితే ఇంధనం పెరుగుతుంది.

చిన్న ఉదాహరణ బయోడీజిల్. నూనెనూ మిథనాల్‌నూ కలిపి 60 డిగ్రీల దగ్గర నడిపిస్తారు. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మామూలు పీడనంలో ఆ గీత దాటితే చర్యలో పాల్గొనాల్సిన సరుకే ఆవిరై పైకి లేస్తుంది.

పెద్ద ఉదాహరణ జర్మనీది. 1925లో మ్యూల్‌హైమ్‌లో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ కార్బన్ మోనాక్సైడ్‌నూ హైడ్రోజన్‌నూ కలిపి ద్రవ ఇంధనం తీసే పద్ధతి కనిపెట్టారు. అప్పట్లో ఆ వాయువులు బొగ్గు నుంచి వచ్చేవి. ఇప్పుడు కట్టె, పంట వ్యర్థాల నుంచి కూడా తీయవచ్చు. కోబాల్ట్ ఉత్ప్రేరకం మీద 200 నుంచి 240 డిగ్రీల మధ్య కార్బన్‌కు కార్బన్ తగులుకుంటూ గొలుసు పొడవు పెరుగుతుంది. పొడవైన గొలుసుల నుంచి డీజిల్, మైనం వస్తాయి. వేడి ఇంకా పెరిగితే గొలుసులు పొట్టివై, మీథేన్ వాటా ఎక్కువవుతుంది. డీజిల్ కోసం బయల్దేరినవాడు మండే వాయువుతో ఇంటికొస్తాడన్నమాట.

అపోహ: మరీ వేడెక్కితే మంట ఆర్పేస్తే సరి.

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. ఇలాంటి రియాక్టర్లలో చర్య మొదలయ్యాక వేడి బయటి మంట నుంచి రాదు, లోపలే పుడుతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ గోడల గుండా బయటకు పోయే వేడి కూడికలా పెరుగుతుంది, లోపల పుట్టే వేడి గుణకారంలా పెరుగుతుంది. ఒక దశ దాటాక ఆ పరుగుపందెంలో ఎవరు గెలుస్తారో లెక్క వేయనక్కర్లేదు.

కాలిఫోర్నియాలోని మార్టినెజ్ దగ్గర టోస్కో వారి ఎవన్ రిఫైనరీలో 1997 జనవరి 21న జరిగింది ఇదే. అది పెట్రోలియం హైడ్రోక్రాకర్, అంటే బరువైన నూనెను హైడ్రోజన్‌తో చీల్చే యంత్రం. అయినా హైడ్రోజన్, ఉత్ప్రేరకపు అంతస్తులు, మధ్యలో క్వెంచ్ అన్నీ ఉన్న ఈ కుటుంబపు యంత్రమే. లోపల వేడి కట్టు తప్పి 760 డిగ్రీలు దాటింది. రియాక్టర్ నుంచి బయటకొచ్చే గొట్టం పగిలి మంటలు లేచాయి. ఒకరు చనిపోయారు, 46 మంది గాయపడ్డారు. వేడి హద్దు మీరితే వెంటనే పీడనం దించేయాలన్న నియమం కాగితం మీద ఉంది. తెర మీది అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా కనబడటంతో ఆ పని జరగలేదు. చనిపోయిన ఆపరేటర్ రియాక్టర్ అడుగున ఉన్న ప్యానెల్‌లో ఉష్ణోగ్రత చూసి చెప్పడానికి వెళ్లినవాడే.

అపోహ: ఒక థర్మామీటర్ చూస్తే లోపలి సంగతి తెలిసిపోతుంది.

పచ్చి ఆరకుండా వేసిన గడ్డివామును పైన తడిమి చూస్తే చల్లగానే ఉంటుంది. చెయ్యి లోపలికి దూర్చినవాడికి తెలుస్తుంది వేడెంతో. ఉత్ప్రేరకపు గుళికలూ అంతే. వేడిని పక్కకు సరిగా అందించవు. ఎక్కడో ఒక మూల ప్రవాహం మందగిస్తే అక్కడ వేడి పోగుపడుతుంది. దానికి హాట్ స్పాట్ అని పేరు. రెండడుగుల అవతల వేడిని కొలిచే తీగ, థర్మోకపుల్, మాత్రం అంతా బాగుందనే చెబుతుంది. కాబట్టి ప్రతి అంతస్తులోనూ పైనా కిందా, నడుమా అంచునా ఎన్నో థర్మోకపుల్స్ పెడతారు. వాటిలో ఒకటి మిగతావాటితో విభేదిస్తే అది పాడైందనుకోవడం మనిషి సహజగుణం. అక్కడే కొంపలంటుకుంటాయి.

అపోహ: చల్లబరచాలంటే చల్లటి నీళ్లు కావాలి.

ఫిషర్, ట్రాప్ష్ పద్ధతిలో ఒక తరహా రియాక్టర్‌లో ఉత్ప్రేరకం సన్నటి గొట్టాల్లో ఉంటుంది, చుట్టూ నీళ్లు మరుగుతుంటాయి. మరిగే నీటికి ఒక సుగుణం ఉంది. ఎంత వేడి తాగినా ఆవిరి అవుతుందే తప్ప ఉష్ణోగ్రత పెరగనివ్వదు, పీడనం మారనంతవరకూ. ఇంట్లో కుక్కర్ నీటిని 120 డిగ్రీల దగ్గర మరిగిస్తుంది, పీడనం వల్ల. అదే సూత్రంతో 23 బార్ల పీడనంలో నీరు 220 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆపరేటర్ ఆవిరి వాల్వ్ కాస్త తెరిస్తే పీడనం తగ్గుతుంది, మరిగే స్థాయి దిగుతుంది, గొట్టాలు చల్లబడతాయి. ఇన్ని ఉపాయాల్లో ముచ్చటైనది ఇదే. వచ్చిన ఆవిరి ప్లాంటుకే పనికొస్తుంది కూడా.

అపోహ: ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదు కాబట్టి ఎప్పటికీ అలాగే ఉంటుంది.

పాఠ్యపుస్తకంలో ఉంటుంది. ప్లాంటులో దాని మీద మసి పేరుకుంటుంది, వేడికి లోహపు రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై చురుకు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి నెలల తరబడి ఉష్ణోగ్రతను మెల్లమెల్లగా పెంచుతూ పోతారు. నిరుటి సరైన వేడి ఈ ఏటికి సరిపోదు.

అపోహ: ఉత్ప్రేరకపు రియాక్టర్లన్నీ వేడిని కక్కేవే.

ఇథనాల్‌తో విమాన ఇంధనం చేసే దారిలో మొదటి మెట్టు అందుకు పూర్తి విరుద్ధం. ఇథనాల్ నుంచి నీటిని వేరుచేసి ఇథిలీన్ చేసే ఆ చర్య వేడిని మింగుతుంది. అక్కడ ఆపరేటర్ బెంగ రియాక్టర్ చల్లారిపోతుందేమోనని.

అపోహ: ప్రమాదమంతా రియాక్టర్‌లోనే.

టోస్కో ప్రమాదం జరిగిన రిఫైనరీ తర్వాత చేతులు మారింది. 2020లో పెట్రోలియం పని ఆగింది, ఆపై కొవ్వులు, నూనెల నుంచి డీజిల్ చేసే ప్లాంటుగా మారింది. 2023 నవంబర్ 19న యూనిట్‌ను మళ్లీ నడుపుతుండగా వేడిచేసే కొలిమిలోని గొట్టం అతిగా కాగి పగిలింది. ఆ డీజిల్, హైడ్రోజన్ అంటుకున్నాయి. కొలిమి దగ్గరున్న ఉద్యోగి ఒకరు తీవ్రంగా కాలిపోయారు.