అందరి చేతులూ పడిన భోజనం

చైనా వంట అనగానే మనకు వీధి బండ్ల మీద అమ్మే నూడుల్సు, మంచూరియా గుర్తుకు వస్తాయి. నిజానికి ఆ మంచూరియా మన దేశంలోనే పుట్టిన వంటకం. చైనా ఇళ్లలో తరతరాలుగా వండుకునే భోజనం వేరు. అందులోనూ అక్కడి ముస్లిముల వంటిల్లు మనం ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

చైనాలో హుయీ అనే ముస్లిం సముదాయం ఉంది. వారి సంఖ్య కోటికి పైమాటే. పూర్వం పట్టు దారి వెంట, సముద్ర మార్గాన వచ్చిన అరబ్బు, పారశీక, మధ్యాసియా ముస్లిములు స్థానికులతో కలిసిపోగా ఏర్పడిన సముదాయమిది. వీరు మాట్లాడేది చైనా భాషే. ఆ భాషలో ఏ జంతువుదో చెప్పకుండా ‘మాంసం’ అంటే సాధారణంగా పంది మాంసమనే అర్థం. అటువంటి చోట ధర్మసమ్మతమైన ఆహారాన్ని నిలుపుకోవడం చిన్న విషయం కాదు. హలాల్‌కు వారు వాడే మాట ‘చింగ్‌జెన్’. స్వచ్ఛత, సత్యం అనే రెండు భావాలు అందులో ఇమిడి ఉన్నాయి. చింగ్‌జెన్ వంటింట్లో పంది కొవ్వుకు గానీ, చైనా వంటల్లో విరివిగా వాడే వంట మద్యానికి గానీ తావు లేదు. మాంసపు నీచు వాసనను అల్లం, ఉల్లికాడలు, అనాసపువ్వు, సిచువాన్ మిరియాలతో పోగొడతారు. నిషిద్ధమైన దానిని విడిచిపెట్టినంత మాత్రాన రుచి తగ్గదనడానికి వారి వంటలే సాక్ష్యం.

షియాన్ నగరంలో ప్రాచీనమైన మహామస్జిద్ చుట్టూ ముస్లింల పేట ఉంది. అక్కడ ‘యాంగ్‌రో పావోమో’ అనే వంటకం ప్రసిద్ధం. గట్టిగా కాల్చిన రొట్టెను తినేవారే తమ చేతులతో చిన్న చిన్న ముక్కలుగా తుంచి గిన్నెలో వేసుకుంటారు. వంటవాడు ఆ ముక్కలను గొర్రె మాంసపు రసంలో ఉడికించి తిరిగి ఇస్తాడు. తుంచే పని త్వరగా తెమలదు. ఆ కాస్త సమయంలో తండ్రీ బిడ్డలూ, అన్నదమ్ములూ మాటల్లో పడతారు. పండుగలకు నూనెలో వేయించే ‘యౌషియాంగ్’ రొట్టెలనైతే ఇంట్లో చేసి బంధువులకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు.

ఉత్తర చైనాలో ముస్లిములూ ఇతరులూ ఇష్టపడే మరో ఇంటి వంట ‘జియావోజి’. చూడటానికి మన కజ్జికాయలా ఉంటుంది, కాని లోపల మాంసం పెట్టి నీళ్లలో ఉడికిస్తారు. ఒకరు పిండి మర్దిస్తే మరొకరు ఒత్తుతారు, పెద్దలు కూరతారు, పిల్లలు అంచులు నొక్కుతారు. ఒక్కరే చేస్తే పూట గడిచిపోతుంది, నలుగురు కూర్చుంటే గంటలో ముగుస్తుంది.

మన ఇళ్లలోనూ దీనిని చేసుకోవచ్చు. పావుకిలో మైదాను సుమారు 130 మిల్లీలీటర్ల నీటితో గట్టిగా కలిపి అరగంట నాననివ్వాలి. పావుకిలో మటన్ కీమాలో తురిమిన క్యారెట్ ఒకటి, తరిగిన ఉల్లికాడలు, చెంచాడు అల్లం తురుము, మిరియాల పొడి, ఉప్పు, రెండు చెంచాల నూనె, చెంచాడు సోయా సాస్ వేసి ఒకే దిశలో బాగా కలపాలి. కొన్ని సోయా సాసులలో మద్యసారం కలుపుతారు కనుక కొనేముందు సీసాపై పదార్థాల పట్టిక చదవాలి. పిండిని చిన్న ఉండలు చేసి, అంచు పలుచగా, నడుమ కాస్త మందంగా ఒత్తి, కీమా పెట్టి మడిచి నొక్కితే సుమారు 35 వస్తాయి. మరిగే నీటిలో వేసి, పొంగినప్పుడల్లా ఒక కప్పు చన్నీళ్లు పోయాలి. ఇలా మూడుసార్లు పొంగాక, పైకి తేలిన జియావోజిలను తీసి, వెల్లుల్లి కలిపిన వెనిగర్‌తో వడ్డించాలి.

ఇక ఈ వంటలో మనకున్న పాఠాన్ని చూద్దాం. తాము తింటున్నా తృప్తి కలగడం లేదని సహచరులు విన్నవించుకోగా, విడివిడిగా తింటున్నారేమోనని దైవప్రవక్త (స) అడిగి, కలిసి కూర్చుని అల్లాహ్ పేరు స్మరించి తింటే శుభం కలుగుతుందని బోధించారు. విడిగా తినడం పాపమేమీ కాదు. నూర్ సూరా 61వ ఆయతు రెండింటికీ అనుమతినిచ్చింది. అయితే శుభం ఎందులో ఉన్నదో హదీసు స్పష్టం చేసింది.

నేడు మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ పరచినా ఒకరు ముందు తిని లేస్తారు, ఒకరు ఫోను చూస్తూ తింటారు. అందరికీ వండి వడ్డించిన ఇల్లాలు చివరకు చల్లారిన అన్నంతో ఒంటరిగా కూర్చుంటుంది. ఆమె లేని పంక్తిని కలిసి తినడమని ఎలా అనగలం? ఆమె మనతో కూర్చోవాలంటే ఆమె పనిలో మనమూ పాలుపంచుకోవాలి. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. అంతటి మహనీయుడు చేసిన పని మనకు చిన్నతనం ఎలా అవుతుంది?

వారానికి ఒక్క పూటైనా ఇంటిల్లిపాదీ కలిసి వండండి. వంట ఏదైనా సరే. తండ్రి పిండి కలపాలి, కొడుకు ఉల్లి తరగాలి, కూతురితో పాటు వాడూ గిన్నెలు కడగాలి. అప్పుడు అమ్మ కూడా వేడివేడి భోజనం ముందు, అందరితో పాటే, బిస్మిల్లాహ్ అనగలుగుతుంది.